నూట అరవై, మూడు

గుణుపురం బస్టాండు వెనక తవిటమ్మ టీ కొట్టు.
నన్ను చూడగానే అందుకుంది:
"కల్తీ కాయిలు అంటగట్టినావు గదరా.
రాయగడ బస్సెల్లిపోతంది, నీల్లు మరగవు."
గ్లాసులు కడుగుతున్న సింహాచలం తలొంచుకున్నాడు.
పొద్దుటి ఆలస్యానికి
మొట్టికాయ పడింది వాడి నెత్తిన.

మీటరు తీశాను.
ఎర్ర తీగ ఒక కన్నంలో, నల్ల తీగ ఇంకో కన్నంలో.
నూట అరవై.
ఉండాల్సింది రెండొందల ముప్పై.
జంట తీగల్లో ఒక్కదాన్ని విడదీసి
క్లాంపు మీటరు తగిలించాను.
మూడు.

ఈ రెండంకెలు చాలు.
అప్పు పద్దుల పలక వెనక్కి తిప్పి రాశాను.
భాగిస్తే యాభై మూడు, పైన చిల్లర.
గుణిస్తే నాలుగొందల ఎనభై.

మొదటిది కాయిలు నైజం.
కొన్ననాడు ఎంత అడ్డు నిలిచిందో ఇవాళా అంతే.
కల్తీ కాదు పిన్నీ, చూడు.
రెండోది దాని కష్టం.
వెయ్యి వాట్లు చెయ్యాల్సింది
సగం కూడా చెయ్యలేక పడి ఉంది.

ఇదంతా నేను ఒడియాలో చదివాను.
బిసొయి మాస్టారు బోర్డు మీద "ప్రతిరోధ" అని రాస్తే
ఇంటికెళ్ళి అమ్మనడిగాను, మన మాటలో ఏమంటారని.
చేట చెరుగుతూ "అడ్డు" అంది.
"బిభబ" అడగలేదు.
ఏ జమీందారింటి పెళ్ళి వైభవమో అనుకుని
పరీక్షలో అలాగే రాసొచ్చాను.

"తగ్గింది మూడోవంతే గదా,
వేడి సగం పైగా ఎలగెలిపోద్ది?"
తవిటమ్మ బేరం తెలిసిన మనిషి.
తోపు తగ్గింది, అందుకని పారేదీ తగ్గింది.
రెండూ కలిస్తేనే వేడి.
కోత రెండుసార్లు పడుతుంది పిన్నీ,
కూలి తగ్గించి, పనిరోజులూ తగ్గించినట్టు.
"జీడిపిక్కల కార్కానాలో అలగే సేసినారు,"
అంది వెంటనే. ఇంకేమీ అడగలేదు దాని మీద.

కాసేపాగి,
"అయితే కాయిలు సగానికి కోసీ."

తెలివైన మాటే.
అడ్డు సగమైతే మూడు ఆంపియర్లు ఆరవుతాయి.
ఈ నూట అరవైకే తొమ్మిదొందల అరవై వాట్లు,
గిన్నె మూత ఎగిరిపడుతుంది.
కానీ రాత్రి రెండింటికి
రైసుమిల్లు ఆగి, వెల్డింగు కొట్లు మూసి,
ఊరంతా దుప్పట్లో దూరాక
లైను చివరనున్న మనదాకా కూడా
రెండొందల ముప్పై నిండుగా వస్తుంది.
అప్పుడు నీ సగం కాయిలు రెండువేల వాట్లు.
ప్లగ్గు పాయింటు వానాకాలపు బెల్లంలా జారిపోద్ది.

పలక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.
లెక్క అర్థమవుతోందనుకున్నాను.
వెనకవైపు బాకీలు చెరిగాయేమోనని తిప్పి చూసుకుంది.
"రాత్రి రెండింటికి కొయ్యని కాయిలు ఎంత సేస్తాది?"
వెయ్యి.
"నిండుగానా?"
నిండుగా.

కరెంటాఫీసుకి అర్జీ నేనే రాసిచ్చాను, ఒడియాలో,
ఓల్టులూ ఆంపియర్లూ వేసి.
గుమాస్తా దాన్ని మడిచి
ఊగుతున్న కుర్చీ కాలి కింద పెట్టాడు.

మాఘమాసంలో ఓ రాత్రి
కాలిన ఫ్యూజు కట్టి సైకిలు మీద వస్తుంటే
తవిటమ్మ కొట్లో దీపం.
తెల్లగా, తొణక్కుండా.
ఆరు ఫ్లాస్కులు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి,
అయిదు గంటల బస్సు కోసం.
సింహాచలం బల్ల మీద గొంగళిలో నిద్ర.
"ఆణ్ని లేపకు," అంది గొంతు తగ్గించి.

టీ తాగుతూ పలక చూశాను.
కండక్టరు కుమార్ సాహు, పద్దెనిమిది.
పాలబ్బాయి, తొమ్మిది.
ఆ కింద, వంకర అక్షరాల్లో,
కరెంటాపీసు, డెబ్బై.